అయోర్టా చీలిక సర్జరీ: ఇన్‌ఫ్లమేషన్ రోగిని దెబ్బతీస్తోందా, దెబ్బ ఎంతో చెబుతోందా?

ధమని_దారి:
టైప్-ఏ డిసెక్షన్ గురించి అడుగుతున్నాను. గుండె నుంచి బయలుదేరే చోట అయోర్టా (ఒంటికంతా రక్తం పంపే ప్రధాన ధమని) లోపలి పొర చిరిగి, రక్తం గోడ పొరల మధ్యకు దూరుతుంది, వెంటనే ఆపరేషన్ చేయాలి. అడ్మిట్ అయినప్పుడే రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) చూపే సీఆర్‌పీ ప్రొటీన్, న్యూట్రోఫిల్-లింఫోసైట్ రేషియో (రెండు రకాల తెల్లరక్తకణాల నిష్పత్తి) ఎక్కువగా ఉన్నవాళ్లకు సర్జరీ తర్వాత ఫలితాలు బాగుండడం లేదని చాలా పేపర్లు వచ్చాయి. అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను ముందే అణచితే మరణాలు తగ్గుతాయి కదా? దీన్ని పక్కన పెట్టి కుట్ల గురించే మాట్లాడుకుంటున్నాం అనిపిస్తుంది.

లెక్కలమనిషి:
ఆ "అంటే" దగ్గరే నాకు పేచీ ఉందండీ. సీఆర్‌పీ వెంటనే పెరిగేది కాదు. ఐఎల్-6 అనే ఇన్‌ఫ్లమేషన్ సంకేతం అందాక లివర్ దాన్ని తయారు చేయాలి. పెరగడం మొదలవడానికి ఆరేడు గంటలైనా పడుతుంది, పీక్‌కు చేరేసరికి సుమారు 48 గంటలు. నొప్పి వచ్చిన రెండు గంటలకే వచ్చిన రోగికి అయోర్టా మొత్తం చీలినా సీఆర్‌పీ నార్మల్‌గానే ఉండొచ్చు. మర్నాడు వచ్చినవాడికి ఎక్కువగా ఉంటుంది. పైగా మర్నాటిదాకా బతికి వచ్చినవాళ్లనే మనం లెక్కిస్తున్నాం, దారిలో పోయినవాళ్లు ఏ టేబుల్‌లోనూ లేరు. ఆ పేపర్లలో ఎన్ని నొప్పి మొదలైన టైమ్‌ను లెక్కలోకి తీసుకున్నాయో చూడండి.

ఇంకోటి, మాల్‌పర్‌ఫ్యూజన్. చీలిక వల్ల పేగులకో కాలికో రక్తం అందకపోతే అక్కడి కణజాలం చచ్చి ఇన్‌ఫ్లమేషన్ దానంతటదే ఎగబాకుతుంది. ఆ రోగి చనిపోతే నేరం సీఆర్‌పీ మీద వేస్తామా?

పంపు_పక్కన:
సర్జరీకి ముందు సంగతి సరే, తర్వాతి మాటేంటి? హార్ట్-లంగ్ మెషిన్ ట్యూబుల్లోకి వెళ్లగానే రక్తంలో కాంప్లిమెంట్ (రక్షణ ప్రొటీన్లు), న్యూట్రోఫిల్స్ రెచ్చిపోతాయి. ఆర్చ్ (అయోర్టా వంపు) రిపేర్ అయితే ఒళ్లు చల్లబరిచి కింది భాగానికి సర్క్యులేషన్ ఆపేస్తాం. మళ్లీ వదిలినప్పుడు రీపర్‌ఫ్యూజన్ దెబ్బ, అంటే రక్తం తిరిగి రావడంతోనే కణజాలానికి తగిలే దెబ్బ. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, ఆక్సిజన్ పడిపోయి, వెంటిలేటర్ తీయలేకపోవడం కళ్లముందు జరిగేదే. ఇన్‌ఫ్లమేషన్ మార్కర్ (దెబ్బ ఎంతో చెప్పే గుర్తు) మాత్రమే అంటే నేను ఒప్పుకోను.

లెక్కలమనిషి:
మెకానిజం ఉందని నేనూ ఒప్పుకుంటాను. దాన్ని అణచితే రోగి బాగుపడతాడా అన్నదే ప్రశ్న. హార్ట్-లంగ్ మెషిన్‌తో చేసే గుండె ఆపరేషన్లలో స్టెరాయిడ్లతో చూశారు కదా. 2012లో డెక్స్ ట్రయల్: 4,494 మంది, డెక్సామెథసోన్. 2015లో సర్స్: 7,507 మంది, మిథైల్‌ప్రెడ్నిసొలోన్. రెండింట్లోనూ మరణాలు తగ్గలేదు. సర్స్‌లోనైతే గుండె కండరం దెబ్బతిన్న కేసులు స్టెరాయిడ్ గ్రూపులోనే ఎక్కువ.

ధమని_దారి:
డెక్స్‌లో ఎమర్జెన్సీ కేసులను తీసుకోనేలేదు సార్. ప్లాన్ చేసిన వాల్వ్ సర్జరీలో ఇన్‌ఫ్లమేషన్ మెషిన్‌తో మొదలవుతుంది. డిసెక్షన్‌లో రోగి టేబుల్ ఎక్కేసరికే అది గంటల తరబడి నడుస్తోంది. ఆ ఫలితాన్ని తెచ్చి ఇక్కడ అతికించడం ఎలా కుదురుతుంది?

లెక్కలమనిషి:
కుదరదు, నిజమే. కానీ కుదరకపోతే "తెలియదు" అనాలి, "పనిచేస్తుంది" అనకూడదు.

ఐసీయూ_కిటికీ:
స్టెరాయిడ్ మొద్దు మందు అని వదిలేసినా రిమూవ్ ట్రయల్ ఉంది. గుండె వాల్వ్ ఇన్‌ఫెక్షన్‌కు సర్జరీ చేయించుకున్న 288 మంది. హార్ట్-లంగ్ మెషిన్‌లోనే సైటోసార్బ్ ఫిల్టర్ పెట్టి సైటోకైన్లను (ఐఎల్-6 లాంటి సంకేతాలను) పీల్చారు. రక్తంలో కొన్ని తగ్గాయి కూడా. అవయవాల పనితీరులో మాత్రం తేడా రాలేదు. రిపోర్టులో అంకె దిగితే మనకు టెన్షన్ తగ్గుతుంది, రోగి కిడ్నీకి ఆ సంగతి తెలియదు మరి.

పంపు_పక్కన:
అదీ డిసెక్షన్ కాదుగా! అక్కడ క్రిములున్నాయి, ఇక్కడ లేవు.

లెక్కలమనిషి:
అయితే డిసెక్షన్‌లోనే చేద్దాం. నొప్పి మొదలైన టైమ్ రాయండి, మాల్‌పర్‌ఫ్యూజన్ ఉన్నవాళ్లను వేరుగా ఉంచండి, లాక్టేట్ (కణజాలానికి ఆక్సిజన్ అందకపోతే రక్తంలో పెరిగేది) చూడండి, సీఆర్‌పీ బదులు త్వరగా పెరిగే ఐఎల్-6 కొలవండి. ఇవన్నీ సరిచూశాక కూడా ఐఎల్-6 ఎక్కువున్నవాళ్లే చనిపోతుంటే, మందు ట్రయల్‌కు నేనే మొదట ఓటేస్తాను.

ధమని_దారి:
ఇంత అరుదైన జబ్బులో, అర్ధరాత్రి వచ్చే రోగుల్లో, అన్ని గ్రూపులు చేశాక ఒక్కోదాంట్లో ఎంతమంది మిగులుతారు? అనేక సెంటర్లు కలిస్తే తప్ప మీరడిగే జవాబు రాదు. అప్పటిదాకా ఐసీయూలో ఏం చేయాలో కూడా చెప్పండి.