జోడీ విల్సన్-రేబోల్డ్ ఆ ఫోను సంభాషణను రికార్డు చేయడం సమంజసమేనా?

ప్రశ్న:
కెనడాలో న్యాయశాఖ మంత్రే అటార్నీ జనరల్‌గా కూడా ఉంటారు; మన దేశంలో అటార్నీ జనరల్ మంత్రి కారు కనుక ఈ తేడాను ముందే చెబుతున్నాను. 2015లో వాంకూవర్ గ్రాన్‌విల్ నుంచి లిబరల్ పార్టీ తరఫున గెలిచి, ఆ పదవి చేపట్టిన తొలి ఆదివాసీ జోడీ విల్సన్-రేబోల్డ్. లిబియా ముడుపుల కేసులో చిక్కుకున్న ఎస్‌ఎన్‌సీ-లావలిన్ అనే కెనడా ఇంజనీరింగ్ సంస్థను కోర్టు విచారణ నుంచి తప్పించి ఒప్పందంతో సరిపెట్టాలని తనపై ఒత్తిడి వచ్చిందని ఆమె చెప్పారు. 2018 డిసెంబర్ 19న ప్రివీ కౌన్సిల్ క్లర్క్ (అక్కడి ప్రభుత్వోద్యోగులందరిలోకీ ఉన్నతాధికారి) మైకేల్ వెర్నిక్‌తో జరిపిన 17 నిమిషాల సంభాషణను ఆయనకు తెలియకుండా రికార్డు చేశారు. దాన్ని బయటపెట్టిన కొద్ది రోజులకే, 2019 ఏప్రిల్ 2న, పార్లమెంటరీ పక్షం నుంచి బహిష్కృతులయ్యారు. ఆమె చేసింది తప్పేనా?

మొదటి జవాబు:
తప్పేనని నా అభిప్రాయం. దేశంలోని అత్యున్నత అధికారి మంత్రితో మనసు విప్పి మాట్లాడలేని పరిస్థితి వస్తే పాలన సాగదు. అంత ఒత్తిడి ఉందనుకుంటే ఆనాడే రాజీనామా చేయవలసింది. జనవరిలో శాఖ మార్చిన తరువాత, ఫిబ్రవరిలో గానీ ఆమె మంత్రివర్గాన్ని వీడలేదు.

రెండవ జవాబు:
మీ వాదనలో కొంత బలం ఉంది గానీ, రాజీనామా చేసి ఉంటే ఆ స్థానంలోకి వచ్చేవారు ఆ ఒప్పందానికి తలూపి ఉండవచ్చు కదా! మాట్లాడేవారిలో ఒకరికి తెలిస్తే చాలు, కెనడా చట్టం రికార్డింగును నేరంగా చూడదు. అసలు అనుచితమైన ఒత్తిడే లేదని వెర్నిక్ పార్లమెంటరీ సంఘం ముందు చెప్పిన తరువాత, ఆమె నోటిమాటను ఎవరు నమ్మేవారు? ప్రధాని ఈ పని ఏదో విధంగా జరిపించాలనుకుంటున్నారని ఆయన అనడం, ఇది రాజకీయ జోక్యమని ఆమె హెచ్చరించడం రెండూ ఆ రికార్డులో వినిపిస్తాయి. పైగా ఇదే వ్యవహారంపై మంత్రి పదవికి రాజీనామా చేసిన, ఏ సంభాషణనూ రికార్డు చేయని జేన్ ఫిల్‌పాట్‌ను కూడా అదే రోజు బహిష్కరించారంటే, రికార్డింగు సాకు మాత్రమేనని అనుకోక తప్పదు. ఆగస్టులో నైతిక వ్యవహారాల కమిషనర్ మారియో డియోన్, అప్పటి ప్రధాని ట్రూడో ప్రయోజనాల సంఘర్షణ చట్టాన్ని ఉల్లంఘించారని తేల్చారు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
డియోన్ తీర్పు చెప్పింది ఒత్తిడి గురించే తప్ప, రికార్డింగు గురించి కాదు. ఫిల్‌పాట్ విషయం మాత్రం నేను ఆలోచించలేదు. బహిష్కరణకు కారణం వేరే ఉండవచ్చునని ఒప్పుకుంటాను.

ప్రశ్న అడిగినవారు:
2019 అక్టోబర్‌లో ఆమె స్వతంత్ర అభ్యర్థిగా మళ్లీ గెలిచారు, ఫిల్‌పాట్ ఓడిపోయారు. కాబట్టి ఓటర్ల తీర్పును కూడా ఈ వాదనలో ఎవరూ తమ వైపు లాక్కోలేరు. నాకు మిగిలిన సందేహం ఒక్కటే: ఒకే మనిషి మంత్రిగానూ అటార్నీ జనరల్‌గానూ ఉన్నంతకాలం ఇలాంటి ఫోన్లు రాకుండా ఉంటాయా? ఆ రెండు పదవులనూ విడదీయనక్కరలేదని మాజీ న్యాయశాఖ మంత్రి ఆన్ మెక్‌లెలన్ అదే సంవత్సరం నివేదిక ఇచ్చారు.