జిల్లా సెలక్షన్లంటే మావోడికి కాళ్లు కదలడం లేదు, కబడ్డీ ఆడేవాళ్లు చెప్పండి

సింగరాయకొండ_నాన్న:
మా పెద్దోడు రైడరు. సంక్రాంతి పోటీల్లో వాణ్ణి పట్టేవాడు లేడు. ఒంగోల్లో సెలక్షన్లకి పోతే మాత్రం బాక్ లైన్ (ఎదుటి కోర్టులో రైడరు దాటి తీరాల్సిన గీత) దాటకుండానే తిరిగొచ్చి అవుటవుతున్నాడు. ముందురోజు నిద్రపోడు, పొద్దున టిఫిన్ ముట్టడు. మనసు గట్టిపడాలంటే ఏం చేయించాలి? తిండి సంగతి కూడా చెప్పండి.

కావలి_రైడర్:
అన్నా, ఒక్కో రైడ్‌కి ఉండేది 30 సెకన్లు. స్కోరు, సెలక్టరు గుర్తొచ్చాయంటే అయిపోయినట్టే. నేను కూత మొదలుపెట్టేముందు గాలి పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదుల్తా. దడ తగ్గుద్ది. ‘ఎడమ కార్నర్ కాలు’ అని, అంటే ఎడమ మూల డిఫెండరు కాలు తాకాలని, ఒక్కటే అనుకుని దూకుతా. పాయింటు తేకపోతే అవుటయ్యే డూ ఆర్ డై రైడ్‌కీ అంతే.

పీఈటీ_కనిగిరి:
రాష్ట్రస్థాయికి పిల్లల్ని పంపినోణ్ణి చెప్తున్నా. ఇది మనసు జబ్బు కాదు, మ్యాట్ జబ్బు. మట్టిలో ఆడినోణ్ణి ఒక్కసారిగా మ్యాట్ మీద దించితే కాలు జారదు, పట్టేస్తది. ముందు బూట్లు కొనండి.

కావలి_రైడర్:
నేనూ మట్టిలోంచి వచ్చినోణ్ణే సార్. బాక్ లైన్ మర్చిపోవడానికీ మ్యాట్‌కీ ఏం సంబంధం?

పీఈటీ_కనిగిరి:
కాలి మీద నమ్మకం లేనోడు లోపలికి పోడు. నీ ఒక్కడి సంగతి చూసి అందరికీ చెప్పమాక.

నెల్లూరు_షటిల్_అమ్మ:
కొట్లాడబాకండయ్యా. బ్యాడ్మింటన్ సింధు 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ రెండూ ఓడి, 2019 ఫైనల్లో జపాన్ ఒకుహారాని 21-7, 21-7తో కొట్టింది. మ్యాట్ మారిందా? మా పాప ఆడుతుంటే మా ఆయన ప్రతి పాయింటుకీ అరిచేవాడు. పాప షటిల్ వదిలేసి ఆయన మొహం చూసేది. ఇప్పుడాయన్ని స్టేడియం బయటే ఉండమంటున్నా. నాన్నగారూ, మీరు కోర్టు పక్కనే నిలబడుతున్నారా?

సింగరాయకొండ_నాన్న:
నిలబడకపోతే ఎట్టమ్మా? వాడికి ధైర్యం చెప్పేదెవరు?

నెల్లూరు_షటిల్_అమ్మ:
ఆ ధైర్యం ఇంటి దగ్గర చెప్పండి. అక్కడ మీరు కనపడితే వాడికి ఇంకో సెలక్టరు కనపడినట్టే.

ఒంగోలు_గిత్త:
బండలాగుడుకి తీసుకుపోయే ఎడ్లని ముందే డప్పుల్లో, జనం అరుపుల్లో తిప్పి అలవాటు చేస్తాం. పిల్లోడికీ అట్టా చేయండి. తోటి పిలకాయల చేత ఈలలు వేయించి, రెండు పాయింట్లు వెనకున్నామని చెప్పి, ఆఖరి రైడ్‌కి వాణ్ణే పంపండి. రోజూ.

పీఈటీ_కనిగిరి:
ఎడ్లతో పోలికేంది? ఆఖరి రైడ్ మాట మాత్రం నిజం, మా బళ్లోనూ చేయిస్తా. కానీ మ్యాట్ మీద.

కావలి_రైడర్:
పల్లెల్లో మ్యాట్ యాడుంది సార్? అది చెప్పకుండా బూట్లు కొనండంటే కూలికి పోయేవాళ్లు ఏం చేస్తారు?

పీఈటీ_కనిగిరి:
మా బళ్లో ఉంది. ఆదివారం పొద్దున తీసుకురమ్మనండి, బూట్లు నేనిస్తా.