‘సక్సెస్’ తెలిసినా ‘సక్సీడ్’ ఎందుకు తట్టడం లేదు?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):
నమస్కారం. నేను డిగ్రీ పూర్తిచేసి బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. ఆంగ్ల పదాల అర్థాలు బాగానే తెలిసినప్పటికీ, ఖాళీకి ‘సక్సెస్, సక్సీడ్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ’ అని నాలుగు రూపాలు ఇస్తే ఏది పెట్టాలో తోచదు. మొన్నటి నమూనా పరీక్షలో ‘షి ఈజ్ వెరీ పేషెన్స్’ అన్న వాక్యంలో తప్పేమిటో కనిపెట్టలేకపోయాను. ప్రత్యయాల పట్టిక బట్టీ పట్టడం తప్ప వేరే మార్గం ఉన్నదా?

జవాబు 1 (విజయవాడ, విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు):
అమ్మా, మీ ఇబ్బంది పదాలు తెలియకపోవడం వల్ల వచ్చినది కాదు, వాటిని మనం తెలుగులో వాడుకొనే తీరు వల్ల వచ్చినది. ‘సక్సెస్ అయ్యాడు’, ‘టెన్షన్ పడ్డాను’, ‘డిస్కషన్ చేశాం’ అంటూ ఆంగ్ల నామవాచకం ఒక్కటి పట్టుకొని, దానికి అవు, పడు, చేయు తగిలించి పని గడుపుకుంటాము గనుక ‘సక్సీడ్’, ‘డిస్కస్’ అనే క్రియలతో మనకు అవసరమే పడదు. పైగా ‘ఆమెకు ఓపిక ఎక్కువ’ అని మనం నామవాచకంతో చెప్పే చోట ఆంగ్లం ‘పేషెంట్’ అనే విశేషణాన్ని కోరుతుంది. (ఆస్పత్రిలో రోగినీ ఆ మాటతోనే పిలుస్తారు, అక్కడ అది నామవాచకం.) ధైర్యం, ధైర్యమైన, ధైర్యంగా అన్న తేడా మీకు తెలుసు కదా, ‘బ్రేవరీ, బ్రేవ్, బ్రేవ్లీ’ కూడా అదే వరుస. ఖాళీని ముందు తెలుగులో పూరించి చూడండి.

జవాబు 2 (గుంటూరు, అనువాదకురాలు):
మాస్టారు చెప్పిన కారణం సరైనదే గాని, చివరి సలహాతో ఏకీభవించలేను. ‘ఆమె అందంగా ఉంది’ అన్నప్పుడు మనం ‘గా’ వాడుతున్నాము. దానిని నమ్ముకుంటే ‘షి ఈజ్ బ్యూటిఫుల్లీ’ అని వ్రాయవలసి వస్తుంది. ‘ఉంది’ ముందు వచ్చే ‘గా’కు ఆంగ్లంలో చాలాచోట్ల విశేషణమే సరిపోతుంది. ‘అందంగా పాడింది’ వంటి వాక్యంలో, అంటే పని జరిగిన తీరు చెప్పేటప్పుడు మాత్రమే ‘బ్యూటిఫుల్లీ’ కావాలి. కాబట్టి ఖాళీ పక్కన ఏ క్రియ ఉన్నదో ముందుగా చూడండి.

జవాబు 3 (విజయవాడ):
పట్టిక పనికిరాదని అనను, కాని అది మోసగిస్తుంది. ‘లీ’ ఉన్నా ‘ఫ్రెండ్లీ’ విశేషణమే. ‘హార్డ్లీ’ అంటే కష్టపడి అని కాదు, దాదాపు లేదని అర్థం. కొన్ని జంటలను ప్రత్యయం కాక ఉచ్చారణ వేరుచేస్తుంది: ‘అడ్వైస్’ నామవాచకం, ‘అడ్వైజ్’ క్రియ, ‘పర్మిట్’లో మొదటి అక్షరాన్ని ఒత్తి పలికితే సాధారణంగా అనుమతి పత్రం, రెండవదాన్ని ఒత్తితే అనుమతించడం. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలలో ఒక నిఘంటువు కొనుక్కొని, మాట వెతికిన ప్రతిసారీ దాని పైనా కిందా ఉన్న రూపాలను కూడా వాక్యాలతో సహా చదవండి.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ‘ఆమె ఓపికగా ఉంది’ అన్న వాక్యానికి నేను నిన్నటి వరకు నిస్సందేహంగా ‘పేషెంట్లీ’ అని వ్రాసి ఉండేదాన్ని.