గుండె ఆగి బతికినవాళ్లు ఎవరైనా మా నాన్నతో మాట్లాడతారా?

నమస్కారం. మాది మల్కాజ్‌గిరి. ఈ మధ్య నాన్నగారికి గుండె ఆగిపోతే సీపీఆర్ చేసి బతికించారు. ఒళ్లు కోలుకుంది గానీ, ఆ కాసేపట్లో తన శరీరాన్ని తానే పైనుంచి చూశానని, ఎప్పుడో పోయిన మా నానమ్మ కనిపించిందని చెప్పారు. డాక్టరుగారు మందుల ప్రభావమని కొట్టిపారేశారు. అమ్మేమో శాంతి చేయిద్దామంటోంది. అప్పటినుంచి నాన్న ఆ మాటే ఎత్తడం లేదు. నా టెన్షనంతా అదే.

2001లో నెదర్లాండ్స్ డాక్టర్ పిమ్ వాన్ లొమ్మెల్ బృందం గుండె ఆగి బతికిన 344 మందిని అడిగితే, 62 మంది ఇలాంటి అనుభవాలు చెప్పారని చదివాను. మెదడుకు ఆక్సిజన్ అందకపోవడమే కారణమైతే మిగతావాళ్లకు ఎందుకు రాలేదని ఆయన ప్రశ్న. చావు తర్వాత ఏదో ఉందని దీంతో రుజువైందని నేను అనను. కానీ నాన్న కల్పించి చెప్పడం లేదని గట్టిగా నమ్ముతున్నాను.

హైదరాబాద్‌లో ఇలాంటి అనుభవం కలిగినవాళ్లు ఉంటే ఆయనతో ఒక్కసారి కూర్చుని మాట్లాడగలరా? ఎంత దూరమైనా మేమే వస్తాం. ఓపిగ్గా వినే సైకియాట్రిస్టు ఎవరైనా తెలిసినా దయచేసి చెప్పండి.