మంచుకొండ వేస్తే సున్నం కొట్టినట్టుంది, దూరం ఎలా తేవాలి?

సీతమ్మధార:
వైజాగ్ పోర్టులో రిటైరయ్యాక బొమ్మల పిచ్చి పట్టింది. మొన్న డిసెంబరులో డార్జిలింగ్ వెళ్లి, టైగర్ హిల్ మీంచి కాంచనజంగ చూశాను. ఎర్రెండ పోయి మంచు తెల్లబడ్డాక ఉన్న దృశ్యాన్ని 24 బై 36 అంగుళాల కాన్వాస్ మీద అక్రిలిక్ రంగులతో వేశాను. దూరమయ్యేకొద్దీ నీలం అంటారు కదా, వెనక కొండల వరసలకి అల్ట్రామెరీన్ నీలం దట్టంగా దిద్దాను. శిఖరానికి టైటానియం వైట్. మా ఆవిడ చూసి "మన ఊరి కైలాసగిరికి సున్నం కొట్టించారా?" అంది. నిజమే, 8,586 మీటర్ల కొండ పెరటి గోడలా ఉంది. ఎక్కడ తప్పాను?

లాసన్స్ బే:
నీలం పెంచితే దూరం రాదండీ, వెలుగునీడల తేడా తగ్గాలి. బొమ్మని ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. వెనక వరస ముందు వరసంత నల్లగా ఉంటే దొంగ దొరికినట్టే. ఆ అల్ట్రామెరీన్ ట్యూబులోంచి రావడమే ముదురు. తెలుపు, చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలపండి. అక్రిలిక్ ఆరాక ఇంకాస్త ముదురుతుంది, ఒక మెట్టు లేతగానే కలుపుకోండి.

డ్రాయింగ్ మాస్టారు:
అది మధ్య వరసలకు సరే, శిఖరానికి చాలదు. నేనూ అక్కడే బోల్తా పడ్డాను. గాలి నీలపు వెలుగునే ఎక్కువ చెదరగొడుతుంది. చీకటి లోయ మీద ఆ నీలం పరుచుకుంటుంది. తెల్లటి మంచు దగ్గర కథ తిరగబడుతుంది: అక్కణ్నుంచి మన కంటికొచ్చే వెలుగులో నీలం కొంత దారిలోనే పోతుంది, అందుకే దూరపు మంచు కాస్త పసుపు, గులాబీ వైపు తిరుగుతుంది. అచ్చ తెలుపు పెడితే ముందుకు దూకేస్తుంది. రవ్వంత ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలపండి. నీడలోని మంచు మాత్రం నీలమే, దానికి వెలుగిచ్చేది ఆకాశం.
మన వైజాగ్ గాలిని చూసి వేయకండి. ఇక్కడి తేమకి బీచ్ రోడ్డు నుంచే డాల్ఫిన్స్ నోస్ కొండ బూడిద తెలుపులో కరిగిపోతుంది. పైన గాలి పలచన. 5,500 మీటర్ల దగ్గర ఒత్తిడి మన ఒడ్డున ఉన్నదాంట్లో సగమే. శిఖరం అంచు పదునుగా ఉంచి, మసకంతా లోయలో పెట్టండి. కులు లోయలో ఉండి రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్ వేసిన హిమాలయాలు ఓసారి చూడండి.

సీతమ్మధార:
ఆదివారమంతా కూర్చున్నాను మాస్టారూ. లోయలో నీళ్లలాంటి తెలుపు నాలుగు పూతలు వేశాక వెనక వరస కదిలింది! శిఖరం మీద ఓకర్ ఎక్కువై నెయ్యి పోసిన ఇడ్లీలా తయారైంది, మళ్లీ తెలుపు వేస్తున్నాను. మంచు నీడలకి సెరులియన్ నీలం కొననా?

డ్రాయింగ్ మాస్టారు:
వద్దు. ఉన్న అల్ట్రామెరీనే పలచన చేయండి.