డయాలసిస్ మానేస్తున్న పేషెంట్లు: ఇంటి ఇబ్బందులు ఎలా అడగాలి, ఎవరికి చెప్పాలి?

కవిటి మండలం, ఎంఎల్‌హెచ్‌పీ:
నేను ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో ఎంఎల్‌హెచ్‌పీని (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్). కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం సంగతి అందరికీ తెలిసిందే. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు, పింఛను నెలకు 10,000 వస్తోంది. అయినా కొందరు మధ్యమధ్యలో ఎగ్గొడుతున్నారు. అడిగితే "ఒంట్లో బాగోలేదమ్మా" అంటారు. నాలుగు మాటలు కలిపాక అసలు విషయం బయటికొస్తుంది, తోడు వెళ్లే కొడుకు చెన్నైలో పనికి పోయాడనో, ఆటోకి డబ్బుల్లేవనో, భార్య జీడిపిక్కల పనికి వెళ్లకపోతే ఆ రోజు కూలి పోతుందనో. మా రిజిస్టర్లో బీపీ, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రాస్తాం, ఇవి రాసే చోటే లేదు. మీరెలా అడుగుతున్నారు? అడిగి ఏమీ చేయలేకపోతే వాళ్లకి ఇంకా బాధ కదా?

గజపతినగరం వైపు, ఆశా కార్యకర్త:
మేడమ్, "డబ్బులకి ఇబ్బందా" అంటే పరువుకి ఎవరూ ఒప్పుకోరు. "రేపు ఎలా వెళ్తారు, తోడు ఎవరొస్తారు, పొద్దున్న ఏం తిని బయల్దేరతారు" అని అడగండి, వాళ్లే చెప్పేస్తారు. మా ఊళ్లో ఒక టీబీ పేషెంటు ఖాళీ కడుపున మాత్రలు వేసుకుని వాంతులవుతున్నాయని మానేశాడు. పోషణకి ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1,000 చేశారు కదా, అతనికి ఒక్క రూపాయీ పడలేదు. బ్యాంకుకి తీసుకెళ్తే ఖాతాకి ఆధార్ లింకు లేదని తేలింది. ఆ లింకు చేయించాకే మళ్లీ మందులు మొదలయ్యాయి.

డయాలసిస్ స్టాఫ్ నర్సు:
ఒక్కసారే కదా అని వదిలేయకండి. నీరు పట్టి రాత్రి ఆయాసంతో కూర్చుండిపోతారు, పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. పైగా మనవైపు కొబ్బరిచెట్టు లేని పెరడు ఉండదు, నీరసంగా ఉందని బొండం కొట్టిస్తారు, అందులో పొటాషియం ఎక్కువ. ఇంకోటి, రాలేదని మేం ఫోన్ చేస్తే చాలాసార్లు అది పనికెళ్లిన కొడుకు దగ్గర మోగుతుంది, పక్కింటివాళ్ల నంబరు కూడా తీసుకోండి. బస్సు టైముకి కుదిరే షిఫ్టు కావాలంటే యూనిట్‌లో మీరే మాట్లాడండి, పేషెంటు నోరు తెరిచి అడగడు.

సచివాలయం, వెల్ఫేర్ అసిస్టెంట్:
"సచివాలయానికి వెళ్లి అడుగు" అని మాత్రం పంపకండి, సగంమంది రారు. వాళ్ల ముందే మాకు ఫోన్ చేయండి. పింఛను ఇవ్వడానికి ఎలాగూ ఇళ్లకి వెళ్తాం, అప్పుడే కాగితాలు చూస్తాం. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి టికెట్ లేదు, తోడెళ్లే భార్యకీ కూతురికీ ఆ ఖర్చు తప్పుతుంది. 65 దాటినవాళ్లకి, దివ్యాంగులకి రేషన్ ఇంటికే ఇవ్వాలి, అందకపోతే చెప్పండి.

కవిటి మండలం, ఎంఎల్‌హెచ్‌పీ:
చాలా థాంక్స్. రిజిస్టర్ చివర్లో ఒక పేజీ పెట్టి ఎవరికి ఏ ఇబ్బంది, ఎవరికి ఫోన్ చేశాం, పని అయిందా లేదా అని రాస్తాను. మగ పేషెంటు, ఇంట్లో తోడు ఎవరూ లేకపోతే?

సోంపేట, పేషెంటు కొడుకు:
మేడమ్, మా నాన్నకి అదే సమస్య. మా వీధిలో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లంతా కలిసి ఒకే ఆటో నెలకి మాట్లాడుకున్నాం, ఒక ఇంటి నుంచి ఒకసారి, ఇంకో ఇంటి నుంచి ఇంకోసారి తోడు వెళ్తున్నాం. షిఫ్టు అందరికీ ఒకటే అయితేనే ఇది కుదురుతుంది, కాబట్టి ముందు నర్సు మేడమ్ చెప్పినట్టు యూనిట్‌లో మాట్లాడండి.