సైకో ఆంకాలజీ రీసెర్చ్‌కి కొత్తగా వచ్చేవాళ్ళకు ముందు ఏది నేర్పాలి: వార్డా, లెక్కలా?

మైలాపూర్ విద్యార్థిని

చెన్నైలో సైకాలజీ పీహెచ్‌డీ చేస్తున్నాను, మొదటి సంవత్సరం. క్యాన్సర్ రోగుల మనసు గురించి చదివే సైకో ఆంకాలజీ నా రంగం, వాళ్ళ దిగులు, ఆందోళన మీద పని. చేరిన ఐదో వారంలోనే ప్రశ్నావళి చేతికిచ్చి ఓపీకి పంపారు. ఏ ఆసుపత్రో చెప్పను. సూళ్ళూరుపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, నేను తెలుగు మాట్లాడగానే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కన్సెంట్ ఫారం తీశాను. ఆమె వెనక నిలబడ్డ కొడుకు నా వైపు రెండు చేతులూ జోడించి, వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. అమ్మకి ‘గడ్డ’ అని మాత్రమే చెప్పారట. నా ఫారంలో మొదటి లైన్‌లోనే ‘క్యాన్సర్’ అని ఉంది. ఆమెకు చదువొచ్చు. ఫారం మడిచి బ్యాగులో పెట్టేసి, ఊరి సంగతులు మాట్లాడి వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేననేది ఇదీ: ఈ రంగంలోకి వచ్చే ఎవరైనా మొదటి ఆరు నెలలు డేటా ముట్టుకోకూడదు. వార్డులో, ఓపీలో, కౌన్సెలర్ పక్కన కూర్చోవాలి. మీరేమంటారు?

గణాంకాల మాస్టారు, బెంగళూరు

నీ బాధ అర్థమైందమ్మా. కానీ ఆరు నెలలంటే ఒప్పుకోను. జేఆర్ఎఫ్, ఎస్ఆర్ఎఫ్ అనే రెండు ఫెలోషిప్‌లూ కలిపితే ఐదేళ్ళు. అందులో ఎథిక్స్ కమిటీ అనుమతికే నెలలు పోతాయి. నా దగ్గరకు వచ్చే థీసిస్‌లలో జాలికి కొరత లేదు, పద్ధతికే కొరత. మొదటి దశ రొమ్ము క్యాన్సర్ వాళ్ళనీ నాలుగో దశ గొంతు క్యాన్సర్ వాళ్ళనీ కలిపేసి సగటు తీస్తారు. ఎంతమంది కావాలో ముందు లెక్క వేసుకోరు. చివరికి ఏమీ తేలదు. ఓపిక లేని మనిషిని కూర్చోబెట్టి అరగంట ప్రశ్నలడిగి, ఆఖరికి ఏమీ తేల్చకపోతే అది ఆ మనిషికి చేసిన అన్యాయం కాదా? ముందు మెథడాలజీ గట్టిగా నేర్పాలి. వార్డు దానితోపాటే వస్తుంది.

డే కేర్ సిస్టర్

కీమో డే కేర్‌లో పదకొండేళ్ళుగా స్టాఫ్ నర్సుని. మాస్టారూ, వార్డు దానంతట అది రాదండి. కీమోకి ముందు ఎలర్జీ రాకుండా చాలామందికి ఏవిల్ ఇంజెక్షన్ ఇస్తాం. దాంతో మగత వస్తుంది. మనిషి గంటలకొద్దీ కుర్చీలోనే దొరుకుతాడు కదా అని రీసెర్చ్ పిల్లలు సరిగ్గా అప్పుడే కాగితాలు పట్టుకుని వస్తారు. ఆయన సగం నిద్రలో ‘ఊ’ అంటాడు. వీళ్ళు టిక్ పెట్టుకుంటారు. ఇంకోటి, ‘పనులన్నీ నెమ్మదించినట్టు అనిపిస్తోందా’ అని అడుగుతారు. హిమోగ్లోబిన్ 7 ఉన్న మనిషికి అనిపించక ఏం చేస్తుంది? అది దిగులా, రక్తం తక్కువవడమా?

ఆరు నెలలు అక్కర్లేదు పాపా. రెండు వారాలు నా వెనకాల తిరుగు, చాలు.

గణాంకాల మాస్టారు, బెంగళూరు

సిస్టర్, ఈ ఏవిల్ సంగతి ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. ఇంజెక్షన్‌కి ముందు అడిగారా, తర్వాతా అని రాసే గడి మా ఫారాల్లో లేదు. సోమవారమే పెట్టిస్తాను.

పాత సైకాలజిస్ట్

మాస్టారు చెప్పిన మెథడ్‌లోనే తెలుగు కూడా ఒక భాగమని నా వాదన. హెచ్ఏడీఎస్ అని ఆందోళననీ దిగులునీ కొలిచే 14 ప్రశ్నల స్కేలు, 1983లో ఇంగ్లండ్‌లో తయారైంది, లోకమంతా వాడుతున్నారు. అందులో కడుపులో సీతాకోకచిలుకలు తిరిగినట్టు భయంగా ఉంటుందా అనే ప్రశ్న ఉంది. ఒక విద్యార్థి దాన్ని ‘కడుపులో తిప్పినట్టు ఉంటుందా’ అని తెలుగు చేశాడు. కీమో తీసుకుంటున్నవాళ్ళు అందరూ అవుననే అన్నారు. వాళ్ళు చెప్పింది వాంతుల గురించి! ‘గుండెల్లో గుబులుగా ఉంటుందా’ అని అడిగి ఉంటే వేరే జవాబు వచ్చేది. ఆ మాట పుస్తకంలో దొరకదు. రోగుల నోట వినాలి.

అంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. దిగులును కొలిచే పీహెచ్‌క్యూ 9 స్కేలులో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. ‘దాదాపు రోజూ’ అన్న చోట టిక్ ఉన్న కాగితం చూసి, ఎక్సెల్‌లో 3 అని ఎక్కించి ఇంటికి వెళ్ళిపోయిన కుర్రాణ్ణి నేను చూశాను. మంచివాడే. ఆ రోజే ఎవరికి ఫోన్ చెయ్యాలో అతనికి ఎవరూ నేర్పలేదు. ఆ ఒక్కటి నేర్పకుండా ఎవరినీ రోగి ముందు కూర్చోబెట్టకూడదు.

ఒకప్పుడు దీనికి ఒక మెట్టు ఉండేది. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో సైకో ఆంకాలజీకే విడిగా ఎంఫిల్ నడిపారు. ఎంఏకి, పీహెచ్‌డీకి మధ్య రోగుల దగ్గర గడిపే కాలం అది. 2022 యూజీసీ నిబంధనలతో ఆ ఎంఫిల్ పోయింది. ఇప్పుడు ఎంఏ కాగానే పిల్లలు నేరుగా ప్రశ్నావళితో వస్తున్నారు. తప్పు వాళ్ళది కాదు.

నెల్లూరు కొడుకు

మొదటి పోస్టులో చేతులు జోడించిన అబ్బాయి లాంటివాణ్ణే నేనూ. మా నాన్నది గొంతు క్యాన్సర్, చెన్నైలో రేడియేషన్. ఆయనకి చెప్పొద్దని అందరి కాళ్ళూ పట్టుకున్నాను. ఆయన తట్టుకోలేడని అందరితో అన్నాను కానీ, అసలు భయం చెల్లెలి సంబంధం గురించి. ఇంట్లో క్యాన్సర్ అని తెలిస్తే అవతలివాళ్ళు వెనక్కి పోతారని. ఏడు వారాలు లాడ్జి గదిలో స్టవ్ పెట్టుకుని అమ్మ వండింది, నా కొట్టు మూతబడింది. ఫారాలు పట్టుకుని ఇద్దరు వచ్చారు, నాన్నకి నిద్ర పడుతోందా అని అడిగారు. గది అద్దె ఎలా కడుతున్నారని గానీ, ఇంట్లో పెళ్ళి కావాల్సినవాళ్ళు ఉన్నారా అని గానీ అడగలేదు. నాన్నకి మూడో రోజే తెలుసట. రేడియేషన్ లైన్లో పక్కనున్నవాళ్ళు చెప్పారు. నా కోసం తెలియనట్టు ఉన్నాడు.

మైలాపూర్ విద్యార్థిని

అన్నా, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. ఆ అబ్బాయిని పక్కకి పిలిచి ఎందుకు వద్దంటున్నాడో అడగాలని నాకు తట్టనేలేదు.

ఆరు నెలలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సిస్టర్ చెప్పినట్టు రెండు వారాలు, తొమ్మిదో ప్రశ్నకి ఏం చెయ్యాలో రాతపూర్వకంగా, తెలుగు ప్రశ్నలు పదిమంది రోగులతో మాట్లాడి సరిచూసుకోవడం. ఈ మూడూ అయ్యాకే డేటా అని మా గైడ్‌ని అడుగుతాను. కానీ జబ్బు పేరు తెలియనివాళ్ళ సంగతేంటి? మన సంస్కృతే అంత, వాళ్ళని వదిలెయ్యమని మా ల్యాబ్‌లో అంటున్నారు.

పాత సైకాలజిస్ట్

సంస్కృతి అని తేల్చెయ్యకమ్మా. 1961లో అమెరికాలో అడిగితే 90 శాతం మంది డాక్టర్లు రోగికి క్యాన్సర్ అని చెప్పం అన్నారు. 1979లో మళ్ళీ అడిగితే 97 శాతం మంది చెప్తామన్నారు. మనుషులు మారడానికి ఇరవై ఏళ్ళు కూడా పట్టలేదు. అలాగని నీ ఫారంతో ఆ సంగతి సూళ్ళూరుపేట పెద్దావిడకి తెలియకూడదు. అది డాక్టరు, కుటుంబం కూర్చుని చెయ్యాల్సిన పని. కొడుకు సంతకంతో ఆమెను స్టడీలో చేర్చుకోవడమూ కుదరదు. నిర్ణయం తీసుకోగలిగిన మనిషి తరఫున ఇంకొకరు సమ్మతి ఇవ్వడాన్ని వైద్య పరిశోధనలకు ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒప్పుకోవు.

గణాంకాల మాస్టారు, బెంగళూరు

ఇప్పటికి వదిలెయ్యక తప్పదు. కానీ నిశ్శబ్దంగా వదిలెయ్యకు. వాళ్ళని తీసేస్తే మిగిలేది జబ్బు గురించి ఇంట్లో మాట్లాడుకోగలిగినవాళ్ళే. అప్పుడు నీ లెక్కలో దిగులు ఉన్నదానికంటే తక్కువ కనిపించవచ్చు. పేర్లు లేకుండా ఒక నోటుబుక్ పెట్టుకో. ఏ రోజు ఎంతమందిని అడగకుండా తిరిగొచ్చావో, ఎందుకో రాయి. సూళ్ళూరుపేట పెద్దావిడ అందులో మొదటి లైన్.